పనిచోట ఒత్తిడి: యజమానులుగా మనం చేయగలిగినది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నాకిచ్చిన అంశం ‘ఉద్యోగంలో ఒత్తిడిని జయించడం ఎలా?’ అని. ఒప్పుకున్నాక రెండు రోజులు ఆలోచించి, ఒక చిన్న మార్పు చేసుకుంటానని అడిగాను. సరేనన్నారు. ‘ఉద్యోగి జయించడం ఎలా’ అన్నదాన్ని ‘యజమాని తగ్గించడం ఎలా’ అని మార్చుకున్నాను. దానికి కారణం ఈ హాలే. ఈ బడిలో చదివినవాళ్లం ఇప్పుడు ఏంచేస్తున్నామో తెలుసుకుందామని సంఘం డైరెక్టరీ తిరగేశాను. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు నడుపుతున్నవాళ్లున్నారు. పంజాగుట్టలో బట్టల దుకాణాలు, నగల దుకాణాలు ఉన్నవాళ్లున్నారు. హాస్టళ్లు, ల్యాబులు, టిఫిన్ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు పెట్టుకున్నవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మేనేజర్లకైతే లెక్కలేదు. ఒకరికి డ్యూటీ వేసేవాళ్లం, ఒకరి సెలవు చీటీ మీద సంతకం పెట్టేవాళ్లం ఇక్కడ సగానికి పైగానే ఉంటాం. అందుకని ఒత్తిడి గురించి ముందు వినాల్సింది మనమేనని అనిపించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ అవకాశం ఈ రోజు నాకు దొరికింది.

నేను ఇంజనీరును. ‘స్ట్రెస్’ అనే మాట నాకు మొదట పరిచయమైంది మనసుకు సంబంధించి కాదు, ఇనుప కడ్డీకి సంబంధించి. ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకం చదివినవాళ్లకు ప్రతిబలం, వికృతి అనే మాటలు గుర్తుండే ఉంటాయి. వస్తువు మీద పడే బలాన్ని అది మోసే వైశాల్యంతో భాగిస్తే వచ్చేది స్ట్రెస్. దానివల్ల వస్తువు సాగడం, వంగడం స్ట్రెయిన్. దూలం వంగుతోందని తెలిస్తే ఏ ఇంజనీరూ వెళ్లి దూలానికి ధైర్యం చెప్పడు. బరువైనా తగ్గిస్తాడు, కింద ఇంకో స్తంభమైనా నిలబెడతాడు. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకు ఈ లెక్క గుర్తుండదు. బరువు అలాగే ఉంచి, వంగిపోతున్న మనిషికి ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని చెబుతాం.

లోహాల గురించి ఇంకో సంగతి కూడా ఇక్కడ పనికొస్తుంది. చిన్నప్పుడు మనందరం తీగను చేత్తో తెంపలేక అటూ ఇటూ వంచి వంచి తెంపినవాళ్లమే. ఒక్కసారి వంచితే తెగదు. ఆ ఒక్క వంపుకయ్యే బలం కూడా పెద్దది కాదు. అదే పని ఆపకుండా చేస్తే పుటుక్కున తెగుతుంది. దీన్ని మేము ‘ఫెటీగ్’ అంటాం. ఉద్యోగుల్లో నేను చూసిన ఒత్తిడి ఎక్కువగా ఈ రకానిదే. ఏదో ఒక్క పెద్ద కష్టం వచ్చి పడినందుకు మనిషి కుంగిపోవడం తక్కువ. రేపు వీక్లీ ఆఫ్ ఉందో లేదో ఈ రాత్రి దాకా తెలియకపోవడం, జీతం ఏడో తారీకున పడుతుందో పదిహేనున పడుతుందో తెలియకపోవడం, కస్టమర్ ముందే మేనేజర్ కసురుకోవడం, ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్నవే.

మరి వాళ్లు మనతో ఎందుకు చెప్పరు? ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు జవాబు తెలుసు. మెట్రో ఎక్కితే అమీర్‌పేట తర్వాత ఎస్‌ఆర్ నగర్, ఈఎస్‌ఐ ఆసుపత్రి, ఆ తర్వాత ఎర్రగడ్డ. మన చిన్నప్పుడు ‘ఎర్రగడ్డ’ అంటే ఊరి పేరు కాదు, తిట్టు. ఎవడైనా కాస్త వేరుగా మాట్లాడితే ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలిరా’ అనేవాళ్లం. అక్కడున్న మానసిక ఆరోగ్య సంస్థలో ఎందరో డాక్టర్లు, నర్సులు ఏళ్ల తరబడి సేవ చేస్తున్నారు. కానీ మన నోళ్లలో దాని పేరు వెక్కిరింతగానే మిగిలింది. ఆ మాటలు వింటూ పెరిగిన మనిషి ‘సార్, నాకు నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది’ అని యజమాని దగ్గరికి వచ్చి చెబుతాడా? కడుపు నొప్పి అని సెలవు పెడతాడు. లేకపోతే చెప్పకుండా మానేస్తాడు. వారం తర్వాత ‘ఈ కాలం పిల్లలకు ఓపిక లేదండీ’ అని మనం అనుకుంటాం.

ఒత్తిడి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల జబ్బు అని చాలామంది నమ్మకం. ఫైళ్లు, మీటింగులు, బాధ్యతలు వాళ్లకే కదా అని. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. వైట్‌హాల్ అధ్యయనం అంటారు. మైఖేల్ మార్మట్ అనే వైద్యుడి పేరు దీనితో ముడిపడి ఉంది. పదిహేడు వేలకు పైగా మగ ఉద్యోగులను ఏళ్లతరబడి గమనిస్తే, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం పై హోదా అధికారుల కంటే అట్టడుగు హోదా వాళ్లకు, అంటే ప్యూన్ల వంటివాళ్లకు, దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో ఆడవాళ్లను కూడా కలుపుకొని రెండో అధ్యయనం మొదలుపెట్టారు. తన పని మీద తనకు అదుపు లేకపోవడం కూడా గుండెకు చేటని అందులో బయటపడింది.

అంతకుముందే, 1979లో, రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇదే విషయాన్ని ఒక నమూనాగా చెప్పాడు. పని ఎక్కువగా ఉండి, ఎలా చేయాలో ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే వీలు ఏమాత్రం లేనప్పుడే మనిషి ఎక్కువ నలిగిపోతాడన్నది దాని సారాంశం. పని ఎక్కువే అయినా పగ్గాలు తన చేతిలో ఉంటే అదే మనిషి దాన్ని సవాలుగా తీసుకుంటాడు. మనమే దీనికి సాక్ష్యం. సొంత దుకాణం పెట్టిన కొత్తలో పద్నాలుగు గంటలు పనిచేశామని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, చేశాం. కానీ మధ్యలో టీ తాగాలంటే ఎవరినీ అడగలేదు. పిల్లాడికి జ్వరమొస్తే షట్టరు సగం దించి వెళ్లాం. ఆ పద్నాలుగు గంటలూ, కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి పది గంటలూ ఒకటి కావు.

ఇక ఆ కౌంటర్ దగ్గరికే వద్దాం. నేను ఈ రోజు చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి అక్కడుంది.

మన చిన్నప్పుడు బట్టల దుకాణం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. తెల్ల దుప్పటి పరిచిన పరుపులు ఉండేవి. చెప్పులు విప్పి ఎక్కి కూర్చునేవాళ్లం. చీరలు చూపించే ఆయన కూడా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని మడత మీద మడత విప్పేవాడు. అమ్మేవాడు కూర్చుంటే కస్టమర్‌కు అమర్యాద అని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. తర్వాత గాజు కౌంటర్లు వచ్చాయి, ఏసీ వచ్చింది, నాలుగైదు అంతస్తులు వచ్చాయి. కూర్చునే చోటు మాత్రం పోయింది. ఇప్పుడు అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ఏ పెద్ద దుకాణానికైనా పండుగ ముందు సాయంత్రం ఏడింటికి వెళ్లండి. చీరలు చూపిస్తున్న అమ్మాయి ముఖం కాకుండా కాళ్లు చూడండి. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ ఉంటుంది. పొద్దున పది నుంచి అదే వరస. కస్టమర్ లేని సమయంలో కూడా కూర్చోకూడదు, కెమెరాలో కనబడుతుంది.

కాళ్ల నరాలు ఉబ్బడం, నడుంనొప్పి దీనివల్ల వచ్చేవే. ఇంకొకటి ఉంది, మగవాళ్లకు చప్పున తట్టదు. బాత్‌రూమ్ పై అంతస్తులో ఒక్కటే ఉంటుంది. వెళ్లాలంటే ఫ్లోర్ మేనేజర్‌ను అడగాలి. అందుకని నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు అలా మొదలవుతాయి.

కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు అని పెద్ద బజారుంది, మన అమీర్‌పేట లాంటిదే. అక్కడి దుకాణాల్లో ఆడవాళ్లు సరిగ్గా ఈ బాధతోనే ఏకమయ్యారు. పి. విజి అనే దర్జీ ముందు నిలబడి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం కట్టింది. మొదట బాత్‌రూమ్ కోసం అడిగారు, తర్వాత కూర్చోవడానికి. ‘కూర్చోవాలనుంటే ఇంట్లోనే కూర్చోండి’ అన్న మాటలు కూడా పడ్డారు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. చెన్నై రంగనాథన్ వీధి దుకాణాల్లో పనిచేసేవాళ్ల మీద తీసిన తమిళ సినిమా ‘షాపింగ్ మాల్’ పేరుతో తెలుగులో వచ్చింది. చూసినవాళ్లకు అక్కడి పరిస్థితి నేను చెప్పనక్కరలేదు.

మన దేశంలో ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 44వ సెక్షన్ ఇదే చెప్పింది: నిలబడి పనిచేయాల్సిన కార్మికులకు వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలి. లేత్ మెషీన్ దగ్గర పనిచేసేవాడికి ఇచ్చినదాన్ని చీరల కౌంటర్ దగ్గరికి తీసుకురావడానికి ఇన్ని దశాబ్దాలు పట్టింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రతా కోడ్ ఒకటి. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు అందులో యజమాని బాధ్యతల్లో చేరింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగేదాకా ఆగుతామా, ఈ సోమవారమే పది స్టూళ్లు తెప్పిస్తామా అన్నది మన చేతిలో ఉంది. ఎత్తు స్టూలు వేస్తే కూర్చున్న మనిషి తల కస్టమర్ తలకు సమానంగానే ఉంటుంది. అమర్యాద అనేవాళ్లను ఒక్కటి అడుగుతాను. బ్యాంకులో క్యాషియర్ కూర్చునే మనకు డబ్బులిస్తాడు. ఏనాడైనా అవమానంగా అనిపించిందా? ఫాల్స్ సీలింగ్‌కు, ముందు బోర్డు లైట్లకు అయిన ఖర్చులో స్టూళ్ల ఖర్చు ఎన్నో వంతో మీకే తెలుసు.

కుర్చీ తర్వాత గంటలు. మా క్లాసులో చాలామంది నాన్నలు సనత్‌నగర్‌లో ఆల్విన్‌లోనో, బాలానగర్ వైపు ఐడీపీఎల్ లాంటి ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్లు. ఆ రోజుల్లో సైరన్ మోగితే సైకిళ్లు బయటికి వచ్చేవి. పని అయిపోయిందని ఊరంతటికీ తెలిసేది. అదేమీ స్వర్గం కాదు. ప్రెస్సుల్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను, హోరులో పనిచేసి చెవులు వినబడనివాళ్లను చూశాం. కానీ సైరన్ తర్వాత ఫోర్‌మన్ ఇంటికి వచ్చి ‘ఆ నట్టు బిగించావా?’ అని అడిగేవాడు కాదు.

ఇప్పుడు ఫోనుకు సైరన్ లేదు. రాత్రి పదకొండుకు ‘ఇది ఒకసారి చూడు’ అని మెసేజ్ వస్తుంది. పంపినవాడు మరిచిపోయి పడుకుంటాడు, అందుకున్నవాడు పడుకోడు. ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో పని వేళల తర్వాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కును చట్టంలో చేర్చాయి. మనకింకా చట్టం లేదు. చట్టం లేకుండానే చేయవచ్చని నేను పనిచేసిన చోట చూశాను. మా జట్టు ఫ్యాక్టరీల కంట్రోల్ సిస్టమ్‌లు చూసేది. రాత్రి ఏ ప్లాంటు ఆగినా పదకొండు మందికీ ఫోన్లు మోగేవి. మోగకపోయినా మోగుతుందేమోనని ఎవరూ సరిగా నిద్రపోయేవాళ్లు కాదు. ఒక పద్ధతి పెట్టాం. వారానికి ఒకరు ఆన్‌కాల్, తోడుగా ఇంకొకరు. మిగతా తొమ్మిదిమంది ఫోను ఆపుకోవచ్చు. రాత్రి లేచినవాడు మర్నాడు మధ్యాహ్నం వస్తాడు. మూడు నెలల చార్టు ముందే గోడమీద ఉంటుంది, ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. మొదటి నెల ప్లాంటు వాళ్లు సణిగారు. తర్వాత వాళ్లకే బాగుంది, ఎందుకంటే ఎవరిని పిలవాలో తెలిసింది, పిలిచిన మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడు. పని గంటలు పెద్దగా తగ్గలేదు. తగ్గింది ఎదురుచూపు.

2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు యుద్ధం జరిగింది. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ విషయంలో లెక్క వేరే మాట చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఇలా దీర్ఘ పనిగంటలతో ముడిపడిన మరణాలు 7 లక్షల 45 వేలు. మా గ్రూపులో కూడా యాభై దాటకుండానే ‘ఓం శాంతి’ పెట్టాల్సి వచ్చిన పేర్లున్నాయి. ఎవరి మరణానికి ఏది కారణమో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఈ అంకెలు చదివినప్పుడు నాకు ఆ పేర్లు గుర్తుకొస్తాయి.

2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. చాలామంది యజమానులు ‘10’ అన్న అంకె మాత్రమే చదివారు. దుకాణాలకు ఆ ఉత్తర్వు వర్తించదు. వర్తించే చోట కూడా వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. అది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. నా మటుకు నాకు పది గంటల రోజు మీద పెద్ద అభ్యంతరం లేదు. పది చొప్పున నాలుగు రోజులు, ఐదో రోజు ఎనిమిది, తర్వాత రెండు రోజులు ఇల్లు. ట్రాఫిక్‌లో ఒక రోజు కలిసొస్తుంది. పది గంటలు చొప్పున ఆరు రోజులు వేసి దాన్ని ఉత్తర్వు అంటేనే చిక్కు.

గంటలు ఎన్నన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడన్నది కూడా అంతే ముఖ్యం. దీనికి మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా, 52 రోజులు, ఆర్టీసీ సమ్మె జరిగింది. దాని రాజకీయాల్లోకి నేను వెళ్లను. సమ్మె ముగిశాక డిసెంబరు 1న కార్మికులను డిపోల నుంచి ప్రగతి భవన్‌కు పిలిచారు. మన పంజాగుట్టకు కూతవేటు దూరం. ఆ రోజు ప్రకటించినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి 8 గంటలలోపు ముగిసేలా చూస్తామన్నది. కండక్టరుగా పనిచేసే తల్లికి ఆ ఒక్క గీత ఎంత విలువైందో ఆలోచించండి. అంతకుముందు డిపోలో డబ్బు లెక్క అప్పజెప్పి ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉండేవాళ్లు. అన్ని రోజుల పోరాటం తర్వాత గానీ ఒక డ్యూటీ చార్టులో ఉండాల్సిన విషయం పైదాకా వెళ్లలేదు. మన దుకాణాల్లో అంత దూరం పోనక్కరలేదు కదా. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. కానీ దుకాణం షట్టరు పదింటికి పడితే, ఆ వేళకు బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. బోరబండ దాకానో బాలానగర్ దాకానో వెళ్లాల్సిన అమ్మాయిని అరగంట ముందు వదిలితే మన వ్యాపారం మునగదు. వంతులవారీగా వదలవచ్చు.

ఇప్పుడు మీరు నాకు చెప్పబోయే మాటలు నేనే చెబుతాను. ‘నీకేం, పెద్ద కంపెనీల్లో పనిచేశావు. మాది చిన్న వ్యాపారం. అద్దె, కరెంటు, జీఎస్టీ కట్టాక మిగిలేది ఎంత? శ్రావణమాసం, దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజను. అప్పుడు కూడా వంతులంటే ఎలా?’ న్యాయమైన ప్రశ్నే. సీజనులో బరువు పెరుగుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ సీజను ఎప్పుడొస్తుందో పంచాంగంలో ఉంది. నెల ముందే కూర్చోబెట్టి, ఈ పదిహేను రోజులు ఇలా ఉంటుంది, తర్వాత ఈ తేదీల్లో మీకు సెలవులు, అదనపు గంటలకు ఇంత అని చెబితే, అదే పని అదే మనుషులు వేరే ముఖాలతో చేస్తారు. ఇంకో లెక్క కూడా వేయండి. మానేసిన అమ్మాయి స్థానంలో కొత్త అమ్మాయిని తెచ్చి, గద్వాలకూ నారాయణపేటకూ తేడా నేర్పి, కస్టమర్ మనసు కనిపెట్టడం అలవాటు చేయడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఆ నెలల్లో వెనక్కి వెళ్లిపోయిన కస్టమర్లు ఏ పద్దులో ఉన్నారు?

కోచింగ్ సెంటర్ల మిత్రులకు ఒక్క మాట. పొద్దున ఏడింటి బ్యాచ్, రాత్రి ఎనిమిదింటి బ్యాచ్ ఒకే ట్రైనర్‌కు వేస్తున్నారు. మధ్యలో ఖాళీ ఉంది కదా అంటారు. ఆ ఖాళీలో అతను ఇంటికి వెళ్లలేడు, సెంటర్‌లో పడుకోలేడు. దాన్ని విశ్రాంతి అనడం కష్టం.

పెద్ద ఆఫీసుల వాళ్లకు వేరే ముచ్చట. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, ఒత్తిడి నివారణ శిక్షణ పెట్టారు. ఎప్పుడు? సెలవైన శనివారం. హాజరు తప్పనిసరి. ‘మీ కుటుంబంతో సమయం గడపండి’ అని శిక్షకుడు స్లయిడ్ వేస్తుంటే మా పక్కనున్న కుర్రాడు పాప పుట్టినరోజు కేకు ఫొటో ఫోనులో చూసుకుంటున్నాడు. యోగా, ధ్యానం మంచివే. నేను రోజూ పొద్దున ప్రాణాయామం చేస్తాను. కానీ అవి పని ఏర్పాటుకు బదులు కాలేవు. బ్రిటన్‌లో 233 సంస్థల్లో 46 వేలకు పైగా ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఇలాంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా పనిని మార్చడం, మేనేజర్లకు తర్ఫీదు ఇవ్వడం గురించి గట్టిగా చెబుతాయి. నన్నడిగితే మేనేజర్లకు ముందు నేర్పాల్సింది గొంతు తగ్గించడం. తప్పు చేస్తే గదిలోకి పిలిచి చెప్పవచ్చు. పదిమందిలో అరిస్తే, ఆ తర్వాతి తప్పును ఎవరూ మన దాకా రానివ్వరు, దాచేస్తారు. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనబడితే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి సాయం పిలవవచ్చు, అవసరమైతే లైను ఆగుతుంది. తాడు లాగినందుకు తిట్టరు. నాణ్యత కోసం పెట్టిన పద్ధతి అది, అయినా మనిషి మీది బరువును కూడా అదే దించుతుంది.

మీ దగ్గర ఎవరైనా నిజంగా కుంగిపోతున్నట్టు కనిపిస్తే 14416కు ఫోను చేయమనండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద రాయండి, జీతాల తేదీ పక్కనే.

చివరగా మన టీచర్ల గురించి. ప్రైవేటు కాలేజీల్లో వేసవి వస్తే లెక్చరర్లకు అడ్మిషన్ల టార్గెట్లు వేసి ఇంటింటికీ తిప్పడం ఇక్కడున్న చాలామందికి తెలుసు. మన బడిలో అది లేదు, సంతోషం. కానీ స్టాఫ్‌రూములో నిన్న ఒక టీచరుగారు నవ్వుతూ చెప్పిన సంగతి ఇది: ఈ సంచిక కోసం పాత ఫొటోలు పంపమని, పేర్లు సరిచూడమని, పదిహేను రోజులుగా రాత్రి పదిన్నరకు కూడా మన సంఘం నుంచి మెసేజ్‌లు వెళ్తున్నాయట. తల్లిదండ్రుల గ్రూపు మెసేజ్‌లు వీటికి అదనం. కార్యదర్శిగారూ, కరెస్పాండెంట్ గారూ, సాయంత్రం ఆరు తర్వాత టీచర్లకు మెసేజ్ పెట్టకూడదని ఈ రోజే ఒక తీర్మానం చేద్దాం. సంఘం నుంచి నేను ప్రతిపాదిస్తున్నాను, బలపరిచేవాళ్లు చెయ్యెత్తండి.

వెనక వరస వాళ్లు కూడా ఎత్తారు, థ్యాంక్స్ రా. నెల ముందే వేసుకునే డ్యూటీ చార్టు నమూనా ఒక ఇరవై కాపీలు తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. దుకాణాల వాళ్లు ముందు తీసుకోండి. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అక్కడే మాట్లాడుకుందాం.